ఆమేన్ దాకా ఆగని ఆట

మొన్న సమాధుల దొడ్డిలో పాస్టరు గారు కళ్ళు మూసుకొని ప్రార్థన చేసుకుందాం అన్నప్పుడు, అంతమందిలో ఇద్దరం మాత్రం మూసుకోలేదు. ఒకరు మార్తమ్మ, ఇంకొకరు నేను. నా సంగతి వేరు. మాది సముద్రంలో చేపల వేటకు పోయే ఇల్లు, గంగమ్మకు మొక్కే వాళ్ళం, నేను కళ్ళు మూసినా తెరిచినా పరలోకంలో ఎవరూ లెక్క రాసుకోరు. మార్తమ్మ అట్లా కాదు. చేపలు కోస్తూ కళ్ళు మూసుకొని ప్రార్థించి వేలు తెగ్గోసుకున్న మనిషి. అటువంటి ఆమె, శవపెట్టె మీద నుంచి చూపు తిప్పకుండా, గుడ్లు మిటకరించుకొని నిలబడింది. చనిపోయినామె బంధువు ఒకావిడ అది చూసి, ఆఖరి ప్రార్థనకైనా కళ్ళు మూయలేదే, ఏం మనుషులమ్మా అని పక్కవాళ్ళ చెవిలో వేసింది. కళ్ళు మూసుకున్న ఆవిడకి మా కళ్ళు తెరిచి ఉన్న సంగతి ఎట్లా తెలిసిందో నేను అడగలేదు.

ఎందుకు మూయలేదో చెప్పాలంటే సిస్టరమ్మ గురించి చెప్పాలి. అది పెట్టె పక్కన నిలబడి చెప్పే కథ కాదు. ఎక్కడ చెప్పినా నవ్వు వస్తుంది, అదే దానితో వచ్చిన చిక్కు.

సిస్టరమ్మ ఆమె పేరు కాదు. నెల్లూరులో ఒక ఆసుపత్రిలో నర్సుగా చేసి రిటైరైంది కాబట్టి అందరూ అట్లా పిలిచేవాళ్ళు. సముద్రపు గాలి ఒంటికి మంచిదని మైపాడులో ఇల్లు కట్టుకుంది. కట్టుకున్నాక ఒక్కనాడూ సముద్రం మొహం చూడలేదు. ఇసక వస్తుందని కిటికీలు కూడా తెరిచేది కాదు. నాకు అక్కడ రొయ్య పిల్లల హేచరీలో ఉద్యోగం వచ్చి, ఆమె ఇంటి పక్క వాటాలో అద్దెకు దిగాను. పంపు ఎప్పుడు వేస్తారో కనుక్కుందామని మొదటిసారి ఆమె గుమ్మంలో నిలబడితే, తల తిప్పకుండానే చెప్పులు బయట విడిచి, చేతులు కడుక్కొని రమ్మంది. ఆమె ఎదురుగా కంప్యూటరు. తెర మీద ఆరుగురు మనుషులు కత్తులు, బాణాలు, కర్రలు పట్టుకొని అడవిలో నడుస్తున్నారు.

"ఎవరమ్మా వాళ్ళు?" అన్నాను.

"మా వార్డు," అంది.

ఆ కంప్యూటరు రిటైరైనప్పుడు తోటి నర్సులు ఇచ్చిన కానుక. ఎవరో వాడుకొని అమ్మేసిన పాతది. అమ్మినవాడు అన్నీ తుడిచేశాడు గానీ ఒక ఆటను తుడవడం మరిచాడు. చాలా పాత ఆట, దాన్ని కొత్త హంగులతో మళ్ళీ విడుదల చేశారట. ఒక నాయకుడు, వాడి వెంట అయిదుగురు, ఊళ్ళు తిరగాలి, మనుషులతో మాట్లాడాలి, రాక్షసులతో పోట్లాడాలి, ఆఖరున ఒక ముసలి డ్రాగన్‌ని చంపాలి. లోకమంతా దాన్ని ప్రాణంగా ఆడుకుంటుందని తర్వాత తెలిసింది. సిస్టరమ్మకు లోకంతో పని లేదు. ఆమెకు కావలసింది మెడల్స్. ఆ ఆటలో ఫలానా పని చేస్తే తెర మూలన ఒక చిన్న గుర్తు వెలుగుతుంది. దాన్ని అచీవ్‌మెంట్ అంటారని నేను చెప్పబోతే, మెడల్ అంటే నోటికి హాయిగా ఉంది కదా అంది. ఉద్యోగం చేసినంత కాలం ఒక్క మెడల్ ఇవ్వలేదట. ఈ ఆటలో తలుపు తీసినా ఇస్తున్నారు, వద్దనడానికి నేనేమైనా పిచ్చిదాన్నా అని ఆమె వాదన.

ఆ ఆరుగురి పేర్లు ఆమె నోటికి తిరిగేవి కావు. ఒకటో మంచం, రెండో మంచం అని పిలిచేది. ఒకటో మంచం నాయకుడు. రెండో మంచం మంత్రగాడు, పని చెప్పినప్పుడల్లా నిద్రపోవాలంటాడు. మూడో మంచం ఒక పొట్టివాడు, గొడ్డలి పట్టుకొని అందరికంటే ముందు ఉరికి అందరికంటే ముందు దెబ్బలు తింటాడు. వాడిమీద ఆమెకు ప్రాణం. వాడిని తిట్టినన్ని తిట్లు సొంత మనిషిని కూడా తిట్టి ఉండదు. తిడుతూనే మందు సీసా తాగించేది. ఆమెకు ఒక మాట ఉండేది, ముందు బతికించు, తర్వాత తిట్టు. రెండు పనులూ పూర్తిగా చేసేది, ఏదీ సగంలో వదిలేది కాదు.

మెడల్స్ కోసం ఆమె చేయని అఘాయిత్యం లేదు. ఊరూరా సారా దుకాణాల్లో తాగితే ఒక మెడల్. జీవితంలో ద్రాక్షారసం కూడా చర్చిలో ప్రభు బల్ల దగ్గర చెంచాడు తప్ప ఎరగని మనిషి, దుకాణం దుకాణం తిరిగి తాగించింది. ఇదేందమ్మా అంటే, తాగింది నేను కాదు, నాలుగో మంచం, వాడికి ఈ అలవాటు ముందునుంచే ఉండాది అంది. ఒక పూజారి ఇంట్లో బూట్లు దొంగిలిస్తే ఇంకో మెడల్. దానికి మాత్రం ఆదివారం వద్దని సోమవారం దాకా ఆగింది. అన్యదేవత గుడిలో కానుక వేయాల్సి వచ్చినప్పుడు పాస్టరు గారిని సలహా అడిగింది. ఆయన చాలా మంచివాడు, ఏది అడిగినా మొదటినుంచి వివరిస్తాడు. ఆయన ఇంకా మొదట్లోనే ఉండగా ఈమె కానుక వేసి, మెడల్ తీసుకొని, గుడి దాటి వచ్చేసింది. దయ్యాలూ మంత్రాలూ ఉండే ఆట విశ్వాసికి మంచిది కాదేమోనని ఆయన నసిగితే, "దయ్యాల్ని కొడతా ఉండా పాస్టరు గారా, మొక్కడం ల్యా," అని నోరు మూయించింది.

ఇంకొక అలవాటు చెప్పాలి. ఎవరైనా ఆమె ఇంటికి వచ్చి పోతుంటే, గుమ్మంలోకి వచ్చి నిలబడి, వాళ్ళు కనుమరుగయ్యేదాకా చూసేది. నా వాటా గుమ్మం ఆమె గుమ్మాన్ని ఆనుకునే ఉంటుంది. అయినా సరే, నేను తాళం తీసి, లోపలికి పోయి, తలుపు వేసుకునేదాకా కాపలా కాసేది. ఎత్తుకుపోయేవాళ్ళు ఎవరున్నారమ్మా, మధ్యలో ఒక తులసి కుండ తప్ప ఏమీ లేదు కదా అని విసుక్కునేదాన్ని. డిశ్చార్జ్ అయిన మనిషి గేటు దాటేదాకా మనదే పూచీ అనేది. వార్డులో నేర్చుకున్న పద్ధతట. మంచం దిగినాడు కదా అని అటు తిరిగితే, మెట్ల దగ్గర పడేవాళ్ళు ఉంటారట.

అట్లా పోగేస్తూ పోగేస్తూ అన్ని మెడల్సూ వచ్చాయి, ఒక్కటి తప్ప. ఆ ఒక్కటే కష్టమైంది. మొదటినుంచి ఆఖరిదాకా అదే ఆరుగురితో ఆడాలి, ఒక్కరూ చావకూడదు. చచ్చారా, ఆట మొత్తం తుడిచిపెట్టుకుపోతుంది, మళ్ళీ మొదటినుంచే. పైగా పోట్లాట మొదలయ్యాక మధ్యలో ఆపడానికి వీల్లేదు. ఆమె దానికి డిశ్చార్జ్ మెడల్ అని పేరు పెట్టింది. చేరినోళ్ళందరూ నడిచి ఇంటికి పోవాల, అంతేమే, అనేది. నడిచి పోని వాళ్ళను ఎంతమందిని చూసి ఉంటుందో నేను అడగలేదు, ఆమె చెప్పలేదు. కానీ ఆ మెడల్ కోసం ఆమె పడిన ఆరాటం ఆట కోసం కాదని నాకు ఎందుకో అనిపించేది.

సరిగ్గా అప్పుడే కళ్ళు చెడ్డాయి. నీటి కాసులు. పక్క చూపు ముందే పోయింది, గొట్టంలోంచి చూసినట్టు మధ్యలో మాత్రమే కనిపించేది. ఊరందరికీ షుగరు చూసి, కళ్ళ డాక్టరు దగ్గరికి తరిమిన మనిషి తన కళ్ళు మాత్రం చూపించుకోలేదు. చూపించుకునేసరికి డాక్టరు పోయింది తిరిగి రాదనీ, ఉన్నది ఎన్నాళ్ళుంటుందో చెప్పలేననీ అన్నాడు. ఆ రోజునుంచి నేను ఆమె పక్కన కుర్చీ వేసుకొని తెర అంచుల్లో ఏముందో చెప్పే పనిలో చేరాను. కుడి పక్క ఏముందిమే అనేది. తోడేలు ఉందమ్మా అనేదాన్ని. ఎట్లుండాది అంటే, ఆకలిగా ఉంది అనేదాన్ని.

గురువారం సాయంత్రాలు ఆమె ఇంట్లో గృహ కూడిక జరిగేది. చర్చి ఆడవాళ్ళు వచ్చి పాటలు పాడి, ఒక్కొక్కరూ లేచి తమ ప్రార్థన మనవి చెప్పుకునేవాళ్ళు. కొడుకు ఉద్యోగం, కోడలి కడుపు, బర్రె ఈత. అందరివీ విని, ఆఖరున మార్తమ్మ అందరి తరఫునా ప్రార్థన చేసేది. మార్తమ్మ రోడ్డు పక్కన చేపలమ్ముతుంది, గొంతు కూడా బేరానికి తగ్గ గొంతే. ఆమె పట్టిన ప్రార్థన ఊరికే పోదని మైపాడులో పేరు. ఒక గురువారం సిస్టరమ్మ లేచి, తను ఒక ఆట ఆడుతున్నాననీ, అందులో ఒక్క మెడల్ మిగిలిందనీ, దానికోసం ప్రార్థించమనీ మనవి చేసింది. ఆ రోజు కూడికకు వచ్చిన పాస్టరు గారు దగ్గి, ఆట సంగతి అట్లా ఉంచి కళ్ళ కోసం ప్రార్థిద్దామన్నాడు.

"కళ్ళ సంగతి డాక్టరు చెప్పేసినాడు," అంది సిస్టరమ్మ. "పోయేలోపల ఇది కావాల. అదే నా మనవి."

మార్తమ్మ పైట నెత్తిమీద కప్పుకొని, ఆ డ్రాగన్ పొడవెంత, ఏం తింటుంది అని వివరాలు అడిగి తెలుసుకుంది. బర్రె ఈతకైనా అంతే, వివరాలు లేకుండా ఆమె ప్రార్థన మొదలుపెట్టదు.

డ్రాగన్ దాకా వచ్చిన గురువారం కూడిక అయ్యాక ఎవరూ ఇళ్ళకు పోలేదు. చాప మీద వరసగా కూర్చొని కంప్యూటరు వైపు తిరిగారు. సిస్టరమ్మ చేతులు కడుక్కొని వచ్చి మౌస్ పట్టుకుంది. పోట్లాట బాగానే జరుగుతోంది. ఇంకాస్తలో అయిపోతుందనగా మూడో మంచం అలవాటు ప్రకారం ముందుకు ఉరికి, డ్రాగన్ నిప్పు మొహాన వేయించుకున్నాడు. వాడి ప్రాణం గీత సన్నపడి ఎర్రగా వెలిగింది. మందు సీసా ఇవ్వాలి. అంతే, మార్తమ్మ ఆగలేకపోయింది.

"పరిశుద్ధుడవైన తండ్రీ!" అని అందుకుంది.

ఆ మాట విన్న క్షణంలో గదిలో ఉన్న తలలన్నీ వంగాయి, కళ్ళన్నీ మూసుకున్నాయి. సిస్టరమ్మ చేతులు మౌస్ వదిలి జోడించుకున్నాయి. పుట్టినప్పటినుంచి ఉన్న అలవాటు, డ్రాగన్ వచ్చిందని ఆగుతుందా? ఎన్ని గురువారాలు కూర్చున్నానో, నా కళ్ళు కూడా మూసుకున్నాయి. ఒకసారి ప్రార్థన మొదలైతే ఆమేన్ దాకా ఎవరూ కళ్ళు తెరవకూడదు. మార్తమ్మ ప్రార్థన పొట్టిది కాదు. సృష్టి దగ్గర మొదలుపెడుతుంది. ఆమె జలప్రళయంలో ఉండగా స్పీకరులోంచి మూడో మంచం కేక వినిపించింది. ఎర్ర సముద్రం దాటుతుండగా రెండో మంచం పోయాడు, వాడి చావుకేక కూడా నిద్రలో కలవరింతలాగే ఉంది. ఒక్కొక్క గొంతూ మాకు తెలుసు. వింటున్నాం, కళ్ళు మాత్రం గట్టిగా మూసుకొని ఉన్నాం. మార్తమ్మ మైపాడు దాకా వచ్చి ఆమేన్ అనేసరికి గదిలో దిగులు సంగీతం వస్తోంది. తెరమీద డ్రాగన్ ఒక్కటే ఉంది.

"గెలిచినామా?" అంది మార్తమ్మ.

సిస్టరమ్మ మౌస్ పక్కకు నెట్టింది. "ప్రార్థనకు జవాబొచ్చినాది," అంది. "కుదరదన్నాడు."

అందరినీ గుమ్మందాకా పంపింది, మార్తమ్మను తప్ప. మార్తమ్మ పోతుంటే అటు తిరిగి కూర్చుంది. నాకు తెలిసి ఆమె ఒక మనిషి పోతుంటే చూడకపోవడం అదే మొదలు.

మర్నాడు మార్తమ్మ నా చేతికి నెత్తళ్ళ పులుసు గిన్నె ఇచ్చి పంపింది. సిస్టరమ్మ పులుసు తినేసి, గిన్నె తోమించి, ఖాళీగా తిప్పి పంపింది. మా వైపు గిన్నె ఖాళీగా తిప్పి పంపడం కంటే మొహాన ఉమ్మేయడం మర్యాద. కనీసం నాలుగు పచ్చిమిరపకాయలైనా వేస్తారు. మార్తమ్మ ఆ గిన్నె వంక చూసి కళ్ళనీళ్ళు పెట్టుకుంది, మరుసటి వారం మళ్ళీ పంపింది. మళ్ళీ ఖాళీ గిన్నె. ముందు బతికించు, తర్వాత తిట్టు అంటావే, ఆమెను ఇట్లా చంపుతావేందమ్మా అని నేను ఒకరోజు అనేశాను. తర్వాత వారం గిన్నె నిండా గులాబీ పూలు వేసి పంపింది, క్రిస్మస్‌కి నూనెలో వేయించే పిండివంట. క్రిస్మస్ చాలా దూరంలో ఉంది.

మళ్ళీ మొదటినుంచి ఆడింది. మధ్య చూపు కూడా మసకేసింది. కొన్ని రోజులు తెర నీలంగా ఉందో ఎర్రగా ఉందో మాత్రమే తెలిసేది. వదిలేయమ్మా, అన్నీ వచ్చాయిగా, ఒక్కటి లేకపోతే ఏం అన్నాను. "ఒక్కడు పోయినా వార్డులో అందరూ బాగున్నట్టు కాదుమే," అంది. తోడేలు ఎటునుంచి వస్తుందో చెబుతూ కూర్చున్నాను. ఆమె వేళ్ళకు మీటలన్నీ తెలుసు, నేను చెప్పేలోపలే మందు సీసా మీద ఉండేవి. మధ్యలో ఎవరికైనా దెబ్బ తగిలితే, ఎంత ప్రాణం ఉందో చెప్పేదాకా ఊపిరి పీల్చేది కాదు.

డ్రాగన్ మళ్ళీ దగ్గరపడింది. మార్తమ్మ లేకుండా పోనని సిస్టరమ్మ పట్టుబట్టింది. మార్తమ్మకు భయం. నోరు ఆగదు, నోరు తెరిస్తే కళ్ళు ఆగవు, నేను రానని ఏడ్చింది. ఆఖరికి పాస్టరు గారి దగ్గరికి పోయి కళ్ళు తెరిచి చేసిన ప్రార్థన చెల్లుతుందా అని అడిగింది. ఆయన మొదటినుంచి వివరించబోయి, మార్తమ్మ మొహం చూసి, జీవితంలో మొదటిసారి ఒక్క మాటలో చెప్పాడు. చెల్లుతుంది. కళ్ళు మూయమని వాక్యంలో ఎక్కడా లేదు, పిల్లలు దిక్కులు చూడకుండా పెట్టుకున్న కట్టుబాటు. ఇంత చిన్న సంగతి ముందే చెప్పి ఉంటే ఆరు ప్రాణాలు దక్కేవి కదయ్యా అని మార్తమ్మ ఆయన్ను నిలదీసిందట. ఆ గురువారం ఆయన కూడా వచ్చి చాప మీద కూర్చున్నాడు. పర్యవేక్షణకని చెప్పాడు. అందరికంటే ముందు వరసలో కూర్చున్నాడు.

పోట్లాట మొదలైంది. అందరి కళ్ళూ తెరిచే ఉన్నాయి, ఒక్క సిస్టరమ్మవి తప్ప. తెరిచినా కనపడని కళ్ళు ఎందుకనుకుందో ఏమో, మూసుకొని చెవి నా వైపు పెట్టింది. మూడో మంచం ఉరికాడు. "మూడో మంచం, సగానికి తగ్గింది," అన్నాను. మార్తమ్మ అందుకుంది. తెరిచిన కళ్ళతో ప్రార్థించడం ఆమెకు అలవాటు లేదు, కనిపించిందల్లా ప్రార్థనలోకి వచ్చేసింది.

"తండ్రీ, ఆ పొట్టోడికి మందు పొయ్యమని చెప్పు తండ్రీ! ఎడమ పక్క ఆ కర్రోడు నిద్రపోతా ఉండాడు, వాణ్ణి లేపు తండ్రీ! దాని తోక తిరగతా ఉండాది, ఎనక్కి లాగు ప్రభువా!"

నేను చెప్పడం ఎప్పుడు ఆపేశానో నాకే తెలియదు. సిస్టరమ్మ ఆ ప్రార్థన వింటూ ఆడింది. లేపమంటే లేపింది, వెనక్కి లాగమంటే లాగింది. పాస్టరు గారు మోకాళ్ళ మీద లేచి నిలబడి, కుడి పక్క, కుడి పక్క అంటున్నాడు. సృష్టి లేదు, జలప్రళయం లేదు, ప్రార్థన మొత్తం ఆ గుహలోనే జరిగింది. డ్రాగన్ కూలింది. మార్తమ్మ ఆమేన్ అంది, అందరూ ఆమేన్ అన్నారు, నేను కూడా అన్నాను. తెర మూలన గుర్తు వెలిగింది.

"ఏమని రాసినాది?" అంది సిస్టరమ్మ, కళ్ళు తెరవకుండానే.

వెళ్ళినవాళ్ళందరూ తిరిగి వచ్చారని రాసి ఉందని చదివాను.

"అందరూ నడస్తా ఉండారా?"

ఆరుగురూ గుహలోంచి బయటికి వస్తున్నారు. మూడో మంచం కుంటుతున్నాడు. కుంటుతున్నా నడుస్తున్నాడు. అందరూ నడుస్తున్నారమ్మా అన్నాను. వాళ్ళు తెర దాటేదాకా కంప్యూటరు కట్టెయ్యనివ్వలేదు. కనపడని కళ్ళు తెరిచి అటే చూస్తూ కూర్చుంది. దాటారని చెప్పాక, మూడో మంచాన్ని బుద్ధి లేని వెధవా, ఒకసారి కాలితే తెలియదా అని మొదలుపెట్టి, మా అందరి టీలూ అయ్యేదాకా తిట్టింది. నాకు ఏడుపొచ్చింది. ఆమెకు మాత్రం రాలేదు, తిట్టడానికే సరిపోయింది.

కోరింది దొరికితే దేవుడికి కృతజ్ఞత కూడిక పెట్టాలి కదా. పెట్టింది. మామిడికాయ వేసిన చేపల పులుసు వండించి, ఊరందరి ముందు నిలబడి డ్రాగన్ చచ్చిన సాక్ష్యం చెప్పింది. కొందరు అది షుగరుకు పెట్టిన పేరనుకొని ఆమె షుగరు తగ్గిందని సంతోషపడ్డారు. ఎవరూ వాళ్ళను దిద్దలేదు. తర్వాత ఆమె ఆట జోలికి పోలేదు. నేను ఆమె ఇంటినుంచి బయల్దేరితే మాత్రం గుమ్మంలోకి వచ్చి నిలబడేది. ఏమీ కనిపించదు కదమ్మా అంటే, తలుపు చప్పుడు వినిపిస్తుంది గదా అనేది. అందుకని నేను తలుపు గట్టిగా వేసేదాన్ని.

మొన్న సిస్టరమ్మను మట్టిలో పెట్టి సమాధుల దొడ్డినుంచి వస్తుంటే, ఆ బంధువు గేటు దగ్గర ఆగి మార్తమ్మను పట్టుకుంది. అంత ప్రార్థనాపరురాలివే, ఆఖరి ప్రార్థనకు కళ్ళు మూసుకోవద్దా అని అడిగింది. మార్తమ్మ పైట చెంగుతో ముక్కు తుడుచుకుంది.

"ఒకసారి మూసినాం తల్లా. తెరిచేసరికి అందరూ పోయినారు," అంది. "అందుకే ఈసారి, ఆమె గేటు దాటిందాకా చూసినా."